తెల్లమొహాల దొడ్డి

నేను వెళ్ళేసరికి నేరస్థుడు దొరికేశాడు. నేరమేమిటన్నదే ఇంకా తేలలేదు.

దొరికినవాడు ఎర్మెక్, కోడెల దొడ్డిలో మేత మనిషి. గేటు పక్కన ఆపిన నల్ల కారులో, వెనక సీట్లో, మోకాళ్ళ మీద టోపీ పెట్టుకుని కూర్చున్నాడు. కారు మేజర్ జందోస్‌ది. జందోస్ పెద్ద పట్నం నుంచి వచ్చిన నేర విభాగం అధికారి. వయసులో నాకన్నా చాలా చిన్నవాడు, హోదాలో ఒక మెట్టు పైవాడు. బురదలో కూడా మెరిసే బూట్లు వేసుకోవడం అతని అలవాటు.

నేను ఈ జిల్లా పోలీసులో కాప్టెన్‌ని. పేరు కుల్యాష్. పశువుల కేసులన్నీ నా బల్ల మీదికే తోస్తారు. మా అమ్మ సర్కారు పొలంలో దూడల పాక చూసుకునేది. నేను నడక నేర్చింది ఆ గడ్డి మీదే. వెనక నన్ను 'ఆవుల కాప్టెన్' అంటారని తెలుసు. ఆ పేరు నాకు ఇష్టమే.

"అనవసరంగా శ్రమపడ్డారక్కా," అన్నాడు జందోస్. "కేసు అయిపోయింది. టీ తాగి వెళ్ళండి."

"టీ కోసమే వచ్చా తమ్ముడూ. ఇంతకీ ఏం కేసు?"

"విషప్రయోగం."

"ఎవరు పోయారు?"

"పోలేదు, పోయేలా ఉంది. బోరాన్."

బోరాన్ అంటే ఈ చుట్టుపక్కల తెలియనివాడు లేడు. పోయినేడు మంచుతుఫాను రాత్రి పుట్టాడని ఆ పేరు పెట్టారు. ఎర్రటి ఒళ్ళు, తెల్లటి మొహం, తీర్చిన వెన్ను. తొమ్మిది కుటుంబాలు కలిసి తమ కోడెదూడల్ని ఈ ఒక్క దొడ్డిలో పెంచుతున్నాయి. తల్లుల దగ్గర పాలు మాన్పించినప్పటి నుంచీ ఒకే మేత, ఒకే నీరు. వాటిలో ఏది బాగా ఎదిగితే దాన్ని తొమ్మిది ఇళ్ళ ఆవులకూ ఆంబోతుగా వదలాలని ఒప్పందం. ఎండాకాలం పచ్చికకు బోరానే వెళ్తాడని అందరూ ఎప్పుడో తేల్చేసుకున్నారు. దానికి ముందు ఈ శనివారం జిల్లా పశువుల ప్రదర్శనలో నిలబెట్టాలని ముచ్చటపడ్డారు. ఇవాళ గురువారం.

ఆ తొమ్మిది కుటుంబాలకూ పెద్ద ముకాష్ అన్న. అరవై దాటిన మనిషి, మాట మెత్తన. ఆయన పళ్ళెంలో నూనెలో వేయించిన వేడి పిండిముద్దలు, బౌర్సాక్‌లు పట్టుకుని ఇంట్లోంచి వచ్చాడు.

"తిను కుల్యాష్. నువ్వు రావాల్సిన పనేం లేదు. మేజర్ గారు అన్నీ చూశారు."

"నన్ను బాల్జాన్ పిలిచింది అన్నా," అన్నాను, ఒక బౌర్సాక్ తీసుకుంటూ. బాల్జాన్ ఆయన చెల్లెలు. భర్త పోయాక ఊరి చివర ఒంటరిగా ఉంటోంది. పొద్దున ఫోనులో 'ఎర్మెక్‌ను పట్టుకుపోతున్నారు, త్వరగా రా అక్కా' అని మాత్రం చెప్పి పెట్టేసింది.

ముకాష్ అన్న మొహంలో ఏదో కదిలి ఆగిపోయింది. "దానికెందుకట?" అన్నాడు.

బౌర్సాక్ బాగుంది. ఆ ప్రశ్న ఇంకా బాగుంది. రెండూ నమిలాను.

*

ఎర్మెక్‌ను మేత గదిలోకి తీసుకురమ్మన్నాను. జందోస్ గొణుక్కుంటూనే తెచ్చాడు. గదిలో పలగ్గొట్టిన బార్లీ, గోధుమ తవుడు, సుద్దపొడి, ఉప్పు దిమ్మలు వేటికవి సర్ది ఉన్నాయి. మూలన ఒక తెల్ల బస్తా. దాని మీద జందోస్ ఎర్ర పట్టీ చుట్టాడు.

"యూరియా," అన్నాడు. "పశువు కడుపులో పడితే విషం. మీకు తెలుసనుకుంటా."

"అది బార్లీ చేలోకి తెచ్చిన ఎరువు," అన్నాడు ఎర్మెక్ నెమ్మదిగా. నలభై ఏళ్ళ మనిషి. చేతులు పెద్దవి, మాటలు తక్కువ.

"నీకూ ముకాష్ అన్నకూ గొడవైందట, నిజమేనా?" అడిగాను.

"అయిందక్కా. వారం కింద."

"దేని మీద?"

"ప్రదర్శన దగ్గరికొస్తోంది, బోరాన్‌కు బార్లీ పెంచమన్నాడు. ఇంకా నిండుగా కనపడాలట. నేను కుదరదన్నా. ఇప్పటికే రోజుకు కిలో పైన పెరుగుతున్నాడు. అమ్మకానికి కోసే పశువైతే ఎంతైనా కుక్కొచ్చు. ఇది ఆవుల మీదికి వదలాల్సిన పశువు. కొవ్వు పడితే ముందు బీజాల పైన చేరుతుంది, తర్వాత కాళ్ళ మీద బరువు పడుతుంది. అద్దంలో బాగుంటాడు, ఆవు దగ్గర చేతులెత్తేస్తాడు."

నాకు నవ్వొచ్చింది. జందోస్‌కు రాలేదు.

"గొడవ ఒప్పుకున్నాడు," అన్నాడు. "దొడ్డి తాళాలు ఇద్దరి దగ్గరే ఉన్నాయి, వీడి దగ్గర ఒకటి, ముకాష్ గారి దగ్గర ఒకటి. యూరియా వీడి గదిలో దొరికింది. ఇంకేం కావాలి?"

"బోరాన్‌ను ఆఖరిసారి ఎప్పుడు చూశావు?" ఎర్మెక్‌నే అడిగాను.

"నిన్న పొద్దున మేత వేసినప్పుడు. శుభ్రంగా తిన్నాడు, నెమరేశాడు. కాకపోతే ముందుకాళ్ళు కాస్త ఆచితూచి వేస్తున్నట్టు అనిపించింది. మధ్యాహ్నం ముకాష్ అన్న 'నువ్వు విశ్రాంతి తీసుకో, సాయంత్రం మేత నేను వేస్తా' అన్నాడు."

"ఈ పొద్దున?"

"నన్ను దొడ్డిలోకి పోనివ్వలేదక్కా. గేటు దగ్గరే మేజర్ గారు కారెక్కించారు. ఎట్లా ఉన్నాడో కూడా చూడలేదు."

"నిన్న మధ్యాహ్నం నుంచి రాత్రి దాకా ఎక్కడున్నావు?"

ఎర్మెక్ టోపీని ఇటు నుంచి అటు తిప్పాడు. "చెప్పను."

"విన్నారుగా," అన్నాడు జందోస్. "నన్నడిగినా ఇదే మాట."

"చెప్పకపోతే జైలుకు పోతావు ఎర్మెక్."

"పోతా అక్కా. ఒకరి పేరు వీధిలో పడెయ్యను."

అతని చెవులు ఎర్రబడ్డాయి. ఇన్నేళ్ళ నౌకరీలో నేను చూసినంతవరకు, విషం పెట్టినవాళ్ళకు చెవులు ఎర్రబడవు. ఇంకేదో చేసినవాళ్ళకే ఎర్రబడతాయి. నేను ఇక అడగలేదు, జందోస్ అతన్ని మళ్ళీ కారెక్కించాడు.

*

కోడెల దొడ్డి పొడుగ్గా ఉంటుంది. ఒక చివర మేత తొట్లు, రెండో చివర నీళ్ళు. తిన్నవి తాగడానికి నడవాలి, తాగినవి తినడానికి నడవాలి. అలా నడిస్తేనే కాళ్ళు గట్టిపడతాయి, కొవ్వు కరుగుతుంది. మంచు కరిగి నేలంతా చిత్తడిగా ఉంది. ఎండ మెత్తగా కాస్తోంది. ఇలాంటి పొద్దున కోడెలు బద్ధకంగా పడుకుని నెమరేస్తాయి. ఇవి పడుకోలేదు.

పద్నాలుగు తెల్లమొహాలు ఒక తెల్లమొహాన్ని తరుముతున్నాయి.

"అదే బోరాన్," అన్నాడు జందోస్. "చెవి పట్టీ చూడండి. నంబరు సరిపోయింది. పొట్ట ఉబ్బింది, పారుకుంటోంది, మేత ముట్టడం లేదు. అది విషం కాక ఏమిటి?"

కంచె పక్కనే చాలాసేపు నిలబడ్డాను. ముకాష్ అన్న నా వెనకే వచ్చాడు.

తరుముతున్న కోడెల్లో ఒకటి దాన్ని మూలకు నెట్టింది, ఇంకొకటి వెనక నుంచి పైకెక్కింది. దిగగానే మూడోది ఎక్కింది. ఆ మూలకు చేరినదాని తోక మొదట్లో వెంట్రుకలు రాలిపోయి ఎర్రటి చర్మం కనిపిస్తోంది.

"యూరియా తిన్న పశువును మీరెప్పుడైనా చూశారా మేజర్ గారూ?"

"పుస్తకంలో చదివాను."

"నేను చూశా. కాసేపట్లోనే వణుకుతూ, నురగలు కక్కుతూ పడిపోతుంది. పడిందంటే మళ్ళీ లేవదు. ఇది నిన్న సాయంత్రం తిని, రాత్రంతా గడిపి, ఈ వేళకూ నాలుగు కాళ్ళ మీద పరుగెత్తుతోంది. విషం పెట్టినవాడు ఎవడో గానీ, పని చాతకాని మనిషి."

"తక్కువ తిని ఉండొచ్చు."

"ఉండొచ్చు. మరి మిగతావి దీన్నెందుకు తరుముతున్నాయి?"

"జబ్బుపడినదాన్ని మంద తరుముతుంది. మా తాత గొర్రెలు కాశాడక్కా. అంత తెలియనివాణ్ణేం కాదు."

ఆ మాట నాకు నచ్చింది. పట్నం బూట్ల కింద మంచి మట్టి ఉంది. "మీ తాత చెప్పింది నిజమే," అన్నాను. "జబ్బుదాన్ని నెడతాయి, తొట్టి దగ్గరికి రానివ్వవు. కానీ ఇలా వరసపెట్టి పైకెక్కవు. ఇవి పాలు మానిన రోజు నుంచీ కలిసి పెరిగినవి. ఎవడు పెద్ద, ఎవడు చిన్న అన్నది శరదృతువులోనే తేల్చుకున్నాయి. కోడెలు ఇలా ఎప్పుడు ఎగబడతాయో మీ తాతను అడిగితే చెప్పేవాడు."

"ఎప్పుడు?"

"ఒక్క నిమిషం."

ఆ తరుముడు పడుతున్న కోడె ఎలాగో విడిపించుకుని నీళ్ళ వైపు వెళ్ళింది. చలికాలంలో గడ్డకట్టకుండా ఆ నీళ్ళ తొట్టికి మూత ఉంటుంది. మూతలో గుండ్రని కన్నం, కన్నంలో తేలే బంతి. ముట్టెతో బంతిని కిందికి నొక్కితే నీళ్ళు వస్తాయి. నేను చూస్తుండగానే వేరే కోడె వచ్చి, బంతిని నొక్కి, గటగటా తాగి వెళ్ళిపోయింది. మన కోడె బంతిని వాసన చూసింది, నాకింది, వెనక్కి తగ్గింది. పక్కన బురదగుంటలో కరిగిన మంచు నీళ్ళుంటే తల వంచి ఆత్రంగా తాగింది.

"దాహం ఉంది," అన్నాను. "తాగాలనీ ఉంది. చలికాలమంతా తాగిన తొట్టి అది. ఒక్క రాత్రిలో ఎలా మరిచిపోయింది?"

జందోస్ తొట్టినీ బురదగుంటనూ మార్చి మార్చి చూశాడు. కనుబొమలు దగ్గరికొచ్చాయి.

కంచె దూకి లోపలికి దిగాను. నా వయసుకు ఆ దూకుడు కాస్త ఎక్కువే, అయినా బాగానే దిగాను. తాజా పేడను పుల్లతో కదిపి చూశాను. బూడిదరంగు, పల్చన, పైన బుడగలు, పుల్లటి వాసన. అరగని బార్లీ అలాగే ఉంది. మిగతా కోడెల పేడ గట్టిగా, ముద్దగా పడి ఉంది.

"ఇది బార్లీ ఎరగని కడుపు," అన్నాను పైకి చూస్తూ. "ఎర్మెక్ వీటికి గడ్డి మీద నుంచి గింజ అలవాటు చేయడానికి వారాలు తీసుకున్నాడు, రోజుకు గుప్పెడు చొప్పున పెంచాడు. దీనికి ఎవరో ఒక్కపూటలో నిండు తొట్టి చూపించారు. మేజర్ గారూ, కోడెలు అలా ఎగబడేది కొత్తవాడు వచ్చినప్పుడు. ఇది బోరాన్ కాదు. నిన్న సాయంత్రమే ఈ దొడ్డిలో అడుగుపెట్టిన పరాయి కోడె."

ఇద్దరు మగవాళ్ళూ తెల్లమొహాలు వేశారు. దొడ్డిలో ఉన్నవాటితో కలిపితే లెక్క పెరిగింది.

"చెవి పట్టీ ఉందిగా," అన్నాడు జందోస్ చివరికి.

"చూద్దాం. ఫ్రీదా గారు వస్తున్నారు."

*

ఫ్రీదా కార్లోవ్నా మా జిల్లా పశువైద్యురాలు. జర్మన్ల పిల్ల. బంధువులంతా వాళ్ళ తాతల దేశానికి వెళ్ళిపోయినా ఈమె మాత్రం 'అక్కడి ఆవులకు డాక్టర్లు చాలామంది ఉన్నారు' అని ఇక్కడే ఉండిపోయింది. పాత జీపు దిగుతూనే, "ఎవరి అంత్యక్రియలు?" అంది.

కోడెను తూకం బోనులోకి తోలాం. ముల్లు ఆగిన చోటు చూసి ఫ్రీదా నా వైపు తిరిగింది.

"సోమవారం నేనే తూచాను కుల్యాష్. బోరాన్ దీనికన్నా నిండు దూడంత బరువెక్కువ. ఇది పారుకుంటే పోయే బరువు కాదు."

తర్వాత చెవి పట్టుకుని, పట్టీ చుట్టూ దూదితో తుడిచింది. దూదికి నెత్తురు అంటింది.

"ఈ దొడ్డిలో పట్టీలన్నీ పుట్టిన వారంలోనే నేను వేసినవి. ఎప్పుడో మానిపోయాయి. ఈ కన్నం నిన్నటిది. బోరాన్ చెవి నుంచి పట్టీని కోసి తీసి, దీని చెవికి పెట్టి అతికించారు."

జందోస్ వంగి చూశాడు. చాలాసేపు చూశాడు. నిటారుగా లేచి, కోటు సర్దుకున్నాడు. అతనిలో నాకు నచ్చే గుణం ఒకటుంది. పడితే లేస్తాడు, లేచి అదే దారిన నడుస్తాడు.

"సరే. విషం కాదు, దొంగతనం. మనిషి మాత్రం వాడే. తాళం ఉన్నవాడు, నిన్న సాయంత్రం ఎక్కడున్నాడో చెప్పనివాడు."

"నా దగ్గరున్నాడు," అంది ఒక గొంతు వెనక నుంచి.

బాల్జాన్. తల మీద రుమాలు జారిపోయింది, నడిచి వచ్చినట్టుంది, ఆయాసపడుతోంది. చేతిలో ఎండబెట్టిన పెరుగు ఉండల, కుర్త్ సంచీ. కారులో ఉన్నవాడికి తినడానికి తెచ్చిందన్నమాట.

"మధ్యాహ్నం పొయ్యి గొట్టం మసి దులపడానికి వచ్చాడు. దులిపాడు. టీ ఇచ్చాను. ఇంకో టీ ఇచ్చాను. చీకటి పడ్డాక కూడా ఉన్నాడు. పక్కింటి ముసలమ్మ కిటికీలోంచి మొత్తం చూసింది, కావాలంటే అడగండి. ఊరంతా ఎలాగూ సాయంత్రానికి వింటుంది, మీరు ముందు వినండి."

"బాల్జాన్," అన్నాడు ఎర్మెక్ కారు దిగి వస్తూ, "నేను చెప్పలేదు."

"తెలుసు. అందుకే నేను చెప్పాను. నీకు ఈ వయసులో ఈ పౌరుషం దేనికి? జైల్లో నీకు గొట్టాలు దులిపే పని ఎవరిస్తారు?"

ఫ్రీదా నవ్వు ఆపుకోవడానికి తూకం ముల్లు చూసింది. జందోస్ గొంతు సవరించుకున్నాడు. నాకైతే ఆ పొద్దుటి ఎండ ఇంకాస్త హాయిగా తగిలింది.

నవ్వనివాడు ముకాష్ అన్న ఒక్కడే. ఆయన చెల్లెలి వైపు చూడటం లేదు. కోడె చెవి వైపు చూస్తున్నాడు.

"మేజర్ గారూ," అన్నాను, "మీకు ఫోను ఎప్పుడొచ్చింది?"

"నిన్న. సాయంత్రం ఆవిరిస్నానాల ఇంటికి బయల్దేరుతుంటే."

"ఏమని?"

"మేత మనిషి బోరాన్‌కు విషం పెట్టాడు, మీరు పొద్దున్నే వచ్చి, వాడు దొడ్డిలోకి పోకముందే పట్టుకోండి, సాక్ష్యం చెరిపేస్తాడు అని." చెబుతూ చెబుతూ అతని గొంతు నెమ్మదించింది. తెలివైనవాడు. చివరి మాటకొచ్చేసరికి తనే తెలుసుకున్నాడు. "నిన్న సాయంత్రం దొడ్డిలో జబ్బు పశువే లేదు."

"లేదు. బోరాన్‌కు విషం పెట్టారని అప్పటికి తెలిసిన మనిషి ఒక్కడే, అబద్ధాన్ని ముందే తయారు చేసుకున్నవాడు. ఎర్మెక్‌ను దొడ్డిలోకి పోనివ్వొద్దని ఎందుకన్నాడో ఇప్పుడు తెలిసిందా? మిగతా ఎనిమిది కుటుంబాలవాళ్ళూ కంచె అవతల నుంచి చూసి తెల్లమొహం, పట్టీ నంబరు చూసుకుని వెళ్ళిపోతారు. ఎర్మెక్ ఒక్క చూపుతో పట్టేస్తాడు."

జందోస్ ముకాష్ అన్న వైపు తిరిగాడు. "ఫోను చేసింది మీరు."

ముకాష్ అన్న తొట్టి అంచు మీద కూర్చున్నాడు. బౌర్సాక్‌ల పళ్ళెం ఇంకా చేతిలోనే ఉంది. దాన్ని పక్కన పెట్టడానికి కూడా ఆయనకు తోచలేదు.

"అమ్ముకోలేదు," అన్నాడు. "దేవుడి తోడు, అమ్ముకోలేదు."

"ఎక్కడున్నాడు?" అన్నాడు ఎర్మెక్. ఆ పొద్దున అతను గొంతు పెంచడం అదే మొదలు.

"చలికాలం పశువుల్ని కట్టే చలిపాకలో. నేనే చెడగొట్టాను ఎర్మెక్. నువ్వు వద్దన్నా వినలేదు. నువ్వు వెళ్ళాక రోజూ సాయంత్రం బార్లీ పోశాను. వెన్ను ఇంకా నిండితే బాగుంటుందని. వాడు ఇష్టంగా తినేవాడు, నా చేతిని నాకేవాడు. నిన్న మధ్యాహ్నానికి కాళ్ళు నేల మీద పెట్టలేకపోయాడు. తొమ్మిది ఇళ్ళవాళ్ళు నా మీద వదిలిన పశువు. మొహం ఎలా చూపించను? నయమయ్యేదాకా దాచి మళ్ళీ మార్చేద్దామనుకున్నాను. నువ్వు ఇక్కడుంటే అది కుదరదు కదా."

"అందుకని నన్ను జైలుకు పంపుతావా అన్నా?"

"నాలుగు రోజులు కూర్చోబెట్టి వదిలేస్తారనుకున్నా."

ఎర్మెక్ టోపీ తల మీద పెట్టుకున్నాడు. "ముందు వాణ్ణి చూడాలి," అన్నాడు. "నీ సంగతి తర్వాత."

*

చలిపాక దగ్గరికి జందోస్ కారులోనే వెళ్ళాం. బాల్జాన్ దొడ్డిలో ఉండిపోయింది, పరాయి కోడెను విడిగా కట్టించి గడ్డి వేయించే పని ఫ్రీదా ఆమెకు అప్పగించింది. దారంతా బురద. మెరిసే బూట్ల మనిషి రెండుసార్లు దిగి కారు తోశాడు.

తలుపు తీయగానే లోపల నుంచి సన్నటి అరుపు వినిపించింది. ఎర్మెక్ గొంతు వినక ముందే, అడుగుల చప్పుడుకే బోరాన్ పలికాడు. మెత్తటి గడ్డి మీద నిలబడి ఉన్నాడు, ముందుకాళ్ళు చాచి, బరువంతా వెనక్కి వేసుకుని. నోట్లో మాత్రం గడ్డి ఉంది. నములుతున్నాడు.

ఫ్రీదా గిట్టలు ఒక్కొక్కటే అరచేత్తో పట్టి చూసింది.

"వెచ్చగా ఉన్నాయి, కాలిపోవడం లేదు," అంది. "గింజ ఎక్కువై వచ్చిన గిట్టల వాపే, ముకాష్ తొందరగానే ఆపాడు. గింజ ఒక్కటి కూడా వేయొద్దు. మంచి గడ్డి, నీళ్ళు, మెత్తటి నేల. ఈ ఎండాకాలం ఆవుల దగ్గరికి పోడు. వచ్చే ఏడు పోతాడు, చాలా ఏళ్ళు పోతాడు."

ఎర్మెక్ బోరాన్ మెడ కింద గోకుతూ నిలబడ్డాడు. వాడు కళ్ళు మూసుకుని తల అతని భుజం మీద వేశాడు. ముకాష్ అన్న గుమ్మం దగ్గరే ఆగిపోయాడు.

"లోపలికి రా అన్నా," అన్నాడు ఎర్మెక్ వెనక్కి తిరగకుండా. "వాడికి నీ మీద కోపం లేదు. నాకుంది. కానీ ఎనిమిది ఇళ్ళకూ నువ్వే నోటితో చెప్పాలి, ఇవాళే."

"చెబుతా."

"ఇంకోటి. మీ చెల్లెలితో నాకు పనుంది. పొయ్యి గొట్టం సంగతి కాదు."

ముకాష్ అన్న మొహం తుడుచుకున్నాడు. "నేను కాదనే స్థితిలో ఉన్నానా?" అన్నాడు. జందోస్ ఫక్కున నవ్వాడు. నేను అతన్ని నవ్వగా చూడటం అదే మొదటిసారి. ఎంత చక్కగా నవ్వుతాడో అతనికి తెలియదేమో అనిపించింది.

"కుల్యాష్." ఫ్రీదా గొంతు పాక లోపలి అర వైపు నుంచి వచ్చింది. అందులో నవ్వు లేదు. "ఇక్కడ ఇంకో పశువుంది."

నేను కదలబోయాను.

"ఎక్కడివాళ్ళక్కడే ఆగండి. ఎవరూ దేన్నీ తాకొద్దు. ముకాష్, ఈ ఆవు ఎవరిది?"

"ఆ పరాయి కోడెతో పాటే వచ్చింది," అన్నాడు ముకాష్ అన్న. "సాత్తార్ అని బయటి బేరగాడు. కోడె ఒక్కటీ ఇవ్వనన్నాడు, చూడి ఆవును కూడా తీసుకుంటేనే అన్నాడు. పాపం, రాత్రి ఈసుకుపోయింది. నెలలు నిండకుండానే దూడ పడిపోయింది. మిగిలిన మాయను పొద్దున వచ్చి నేనే చేత్తో లాగాను."

"వట్టి చేత్తోనా?"

"మరి?"

ఫ్రీదా నెమ్మదిగా బయటికొచ్చింది. జీపులోంచి తెచ్చుకున్న మందు డబ్బా తెరిచి, బకెట్ నీళ్ళలో కలిపి, ముకాష్ అన్న చేతుల్ని మోచేతుల దాకా తనే కడిగింది. తర్వాత మా అందరి బూట్లూ ఆ నీళ్ళలో ముంచమంది. జందోస్ తన మెరిసే బూట్లను కూడా ముంచాడు.

"ఇది ఈసుడు రోగం అని ఇప్పుడే అనను," అంది. "రక్తం చూడాలి. కానీ ఒళ్ళు నిండుగా ఉన్న ఆవు ఇలా కారణం లేకుండా ఈసుకుపోతే నేను మొదట అనుమానించేది దాన్నే. అదే అయితే ఒక ఆవుతో ఆగదు. మాయ వాసన చూసిన ప్రతి పశువుకూ పాకుతుంది. మనిషికీ వస్తుంది, చేతుల మీదుగా, కాచని పాల మీదుగా. నెలల తరబడి జ్వరం, కీళ్ళు పట్టేస్తాయి. ముకాష్, నిన్ను ఇవాళే ఆసుపత్రికి పంపుతున్నా. ఆవుకూ బోరాన్‌కూ మధ్యలో ఈ గోడ ఉంది కాబట్టి వాడు బతికిపోయాడనే అనుకుందాం. వాడి రక్తం, దొడ్డిలోని పరాయి కోడె రక్తం కూడా తీస్తా."

ఎర్మెక్ చేయి బోరాన్ మెడ మీదే ఆగిపోయింది.

"సాత్తార్ దగ్గర ఇంకా పశువులున్నాయా?" అడిగాను.

"లారీ నిండా," అన్నాడు ముకాష్ అన్న. "ప్రదర్శనకు తోలుతున్నానన్నాడు. మంచి బేరం తగులుతుందని."

ప్రదర్శన మైదానంలో జిల్లా మొత్తం నుంచి వచ్చిన కోడెలు, చూడి ఆవులు ఒకే కట్టుకొయ్యల వరసలో, ఒకే తొట్లలో మూతులు పెట్టి నిలబడతాయి. శనివారం సాయంత్రానికి అవి మళ్ళీ ఊళ్ళకు చెదిరిపోతాయి. నేను చెప్పక్కర్లేకుండానే జందోస్‌కు అర్థమైంది. కారు తాళాలు నా చేతిలో పెట్టాడు.

"దారి మీకు తెలుసు. మీరు నడపండక్కా. నేను తోస్తా."

నేను ముందు మైదానం కాపలాదారుకు ఫోను కలిపాను. చాలాసేపు మోగాక ఎత్తాడు. వెనక పశువుల అరుపులు, ఎవరివో నవ్వులు వినిపిస్తున్నాయి.

"సాత్తార్ అనే బేరగాడు వస్తే గేటు తీయొద్దు," అన్నాను.

"సాత్తారా? ఇందాకే వచ్చాడు కాప్టెన్ గారూ. పశువుల్ని దించేశాం, అన్నిటికీ చోటు చూపించాం. ఎంత మంచి మనిషనుకున్నారు, ఇక్కడున్న వాళ్ళందరికీ అప్పటికప్పుడు పిండి పచ్చిపాలు పోస్తున్నాడు. మీకూ ఒక గిన్నె దాచమంటారా?"